అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన బస్సు

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో షట్టర్లన్నీ దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు గుట్టలుగా పోస్తారు. డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ బస్సులోంచి చూడటమే గాని దిగి చూసే తీరిక నాకు ఏనాడూ దొరకలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే మనవరాలిని వెంటబెట్టుకుని జీపీవో దగ్గర దిగుతాను. దానికి తొమ్మిదేళ్ళు. ఇంగ్లీషు మీడియం. నాకు తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కావాలి, ఇంగ్లీషు మాత్రం స్టేజీ స్టేజీకీ ఆగే బండిలాగా చదువుతాను. అందుకని మా ఇద్దరిదీ ఒప్పందం: అది ఇంగ్లీషు చదవాలి, నేను తెలుగులో చెప్పాలి.

ఒక ఆదివారం అది గుట్ట అడుగు నుంచి పెద్ద సైజు అట్ట పుస్తకం ఒకటి లాగింది. తెరిచి చూసి, "తాతా, బస్సు" అంది. బస్సంటే నేను ఆగుతానని దానికి తెలుసు. అమ్మే అబ్బాయి నూట యాభై అన్నాడు. నేను పేజీలు తిప్పుతూ నిలబడ్డాను. "లేలో చాచా, సౌ దేదో" అన్నాడు. అదే గుట్టలో అదే కథ మీద సన్నటి పుస్తకం ఇంకొకటి ఉంటే నలభైకి ఇచ్చాడు. మూడోది మా అబ్బాయి ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ జరిగినప్పుడు కొని తెచ్చాడు. దాని ఖరీదు ఈ రెండింటికీ కలిపి ఇచ్చినదానికంటే చాలా ఎక్కువ. మొదటి రెండూ అమెరికాలో బస్సు సీటు లేచి ఇవ్వనన్న రోజా పార్క్స్ అనే నల్లజాతి ఆమె కథ, మూడోది అంబేడ్కర్ జీవితం. ఈ మూడు పుస్తకాల సంగతే రాస్తున్నాను. నేను బొమ్మల పండితుణ్ణి కాను. బస్సు మాత్రం నాకు తెలుసు.

ముందు సన్నటి పుస్తకం సంగతి ముగించేస్తాను. పేరు చెప్పను, నలభై రూపాయల పుస్తకం పరువు తీయడమెందుకు. అందులో కథ ఇలా ఉంది: రోజా పార్క్స్ అనే ముసలామె పని చేసి అలిసిపోయి, కాళ్ళు నొప్పి పెట్టి, బస్సులో ముందు సీట్లో కూర్చుంది, లేవమంటే లేవలేదు, దాంతో అమెరికా మారిపోయింది. ఇందులో మూడు తప్పులు. ఆమెకు అప్పుడు 42 ఏళ్ళు. మా కోడలి కంటే నాలుగేళ్ళు పెద్ద, అంతే. కాళ్ళ నొప్పి కాదు, ప్రతిసారీ తలొంచడంతో విసిగిపోయానని తర్వాత ఆమే చెప్పుకుంది. ఇంక సీటు. ఆమె కూర్చున్నది తెల్లవాళ్ళ సీట్లో కాదు. ఈ తప్పును నేను వదిలిపెట్టలేను, ఎందుకంటే కథ మొత్తం ఆ సీటు మీదే ఉంది.

అలబామా రాష్ట్రంలో మాంట్‌గోమరీ అని ఊరు. అక్కడ సిటీ బస్సులో ముందు 10 సీట్లు తెల్లవాళ్ళవి. ఖాళీగా ఉన్నా నల్లవాళ్ళు కూర్చోకూడదు. వెనకవి నల్లవాళ్ళవి. మధ్యలో కొన్ని వరుసలు ఉంటాయి, అవి ఎవరివీ కావు. తెల్లవాళ్ళు తక్కువగా ఉంటే అక్కడ నల్లవాళ్ళు కూర్చోవచ్చు. తెల్లవాళ్ళు ఎక్కితే లేచిపోవాలి. ఒక్క తెల్లాయన ఎక్కినా ఆ వరుసలో నలుగురూ లేవాలి, పక్కపక్కన కూర్చోవడం కుదరదు కాబట్టి. గీత ఎక్కడుందో చెప్పే బోర్డును డ్రైవరు వెనక్కి జరుపుకుంటూ పోవచ్చు. 1955 డిసెంబర్ 1, గురువారం సాయంత్రం రోజా పార్క్స్ కూర్చున్నది ఆ మధ్య భాగంలో మొదటి వరుసలో. అంటే అప్పటి రూలు ప్రకారం ఆమె కూర్చోదగిన సీట్లోనే కూర్చుంది. ముగ్గురు లేచారు. ఆమె లేవలేదు, అరెస్టు చేశారు. పుస్తకం రాసినాయన దాన్ని ముందు సీటు చేసేస్తే ఆమె ఏదో రూలు తెలియక కూర్చున్నట్టు అవుతుంది. ఆమెకు అన్ని రూళ్ళూ తెలుసు.

కండక్టరుగా నాకు ఇంకో ముక్క ముల్లులా గుచ్చుకుంది. నల్లవాళ్ళు ముందు తలుపు ఎక్కి డ్రైవరు దగ్గర 10 సెంట్లు కట్టాలి. అక్కడ కండక్టరు ఉండడు. కట్టాక దిగిపోవాలి. దిగి, నేల మీద నడుచుకుంటూ వెళ్ళి వెనక తలుపులోంచి ఎక్కాలి. డబ్బులు చేతిలో పడ్డాక, మనిషి వెనక తలుపు చేరేలోపు బండి కదిలించేసే డ్రైవర్లూ ఉండేవాళ్ళట. మనవరాలు ఇది చదివినప్పుడు నేను మళ్ళీ చదవమన్నాను. టికెట్ తీసుకున్న మనిషి కింద ఉండగా "రైట్ రైట్" అనడమా? మా డిపోలో అయితే మెమో. రోజాను లేవమన్న డ్రైవరు జేమ్స్ బ్లేక్ అనేవాడు. 1943లో కూడా అతనే, వెనక తలుపుకు పోనన్నందుకు రోజాను దించేశాడు. పన్నెండేళ్ళ తర్వాత చూసుకోకుండా మళ్ళీ అతని బండే ఎక్కింది.

ఇంక అసలు పుస్తకం. పేరు 'రోజా'. రాసింది నిక్కీ జొవానీ, బొమ్మలు బ్రయన్ కాలియర్. 2005లో వచ్చింది. నా చేతికి వచ్చిన కాపీ అమెరికాలో ఏదో లైబ్రరీది. ప్లాస్టిక్ తొడుగు, లోపల తేదీల చీటీ, దాని మీద 'విత్‌డ్రాన్' అని ముద్ర. అంటే ఏంటి తాతా అని అడిగింది. సర్వీసులోంచి తీసేశారు, నాలాగే అని చెప్పాను.

బొమ్మలు నీటిరంగులు, మధ్యమధ్య కాగితం ముక్కలు అతికించినట్టు ఉంటాయి. దగ్గర పెట్టుకుని చూస్తే గందరగోళం, చేయి చాపి చూస్తే మనిషి కనిపిస్తుంది. పుస్తకమంతా ఒక పసుపు ఛాయ. మొదట కాగితం పాతబడింది అనుకున్నాను. బొమ్మలు వేసినాయన మాంట్‌గోమరీ వెళ్ళినప్పుడు ముందుగా తగిలింది అక్కడి ఎండ వేడి అట, అందుకని ఆ రంగు వాడాడట. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆగి ఉన్న బస్సులోకి ఎక్కితే కళ్ళకు అలాగే ఉంటుంది. రేకు, రెగ్జిన్ సీటు, గాలి, అన్నీ పసుపే. అమెరికా అంటే మంచు, కోట్లు అనుకునే మా ఇంటావిడ కూడా ఆ పేజీ చూసి "ఇదేదో మన దగ్గరలాగే ఉందే" అంది.

ఇందులో నాకు బాగా నచ్చింది, రోజాను దేవతను చేయకుండా పొద్దున్నుంచి మొదలుపెట్టడం. వాళ్ళమ్మకు జ్వరం తగ్గుముఖం పట్టింది, భర్త మంగలి పని చేస్తాడు, ఈమె పెద్ద దుకాణంలో బట్టలు సరిచేసే కుట్టుపని. సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంది. మన బస్సులో సాయంత్రం ఆరింటికి ఎక్కే వందమందిలో ఒకామె. అరెస్టు తర్వాత ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ మేడం, ఇంకొందరు ఆడవాళ్ళు కాలేజీలో మెషీన్ మీద కాగితాలు అచ్చు తీస్తారు. సోమవారం ఎవరూ బస్సు ఎక్కొద్దు అని. ఆ పేజీ దగ్గర మా మనవరాలు, "అంటే మన వాట్సాప్ గ్రూప్" అంది. అవును గాని, రాత్రంతా చేత్తో తిప్పాలి, పొద్దునకల్లా చేతికి చేతికి అందించాలి.

పుస్తకం చివర్లో పేజీ మడత విప్పితే నాలుగు పేజీల వెడల్పున బస్సు మానేసి నడిచే జనం వస్తారు. మా కాపీలో మడత దగ్గర చిరిగి ఉంది, సెల్లోటేపు వేశాను. కొనేవాళ్ళు పాత కాపీ అయితే ముందు ఆ మడత విప్పి చూసుకోండి. అది లేకపోతే పుస్తకం సగం లేనట్టే.

మాట దగ్గర మాత్రం చాలా తిప్పలు పడ్డాను. బాయ్‌కాట్ అనే మాటకు తెలుగులో బహిష్కరణ అంటారు. మా ఊరు భువనగిరి పక్కన. నా చిన్నప్పుడు బహిష్కరణ అంటే ఊరంతా ఒక్కటై ఒక ఇంటికి నిప్పూ నీళ్ళూ ఇవ్వకపోవడం. వెలి వేయడం. ఎప్పుడూ పైవాళ్ళు కిందివాళ్ళకు చేసేదే ఆ మాట. ఇక్కడేమో సీట్లోంచి లేచి నిలబడాల్సి వచ్చినవాళ్ళే బస్సును వెలి వేశారు. ఒకే మాట ఎలా వాడను? చివరికి "బస్సెక్కం పొండి" అని చెప్పాను, అదే ఖాయమైంది. పౌరహక్కులు కూడా అంతే. మా తరానికి ఆ మాట వింటే ఎన్‌కౌంటర్ వార్త కింద నిజనిర్ధారణ కమిటీ అని చిన్న అక్షరాల్లో వచ్చే వార్త గుర్తొస్తుంది. తొమ్మిదేళ్ళ పిల్లకు బస్సులో సీటు కూడా పౌరహక్కే అని చెప్పాలంటే ఆ మాటను దుమ్ము దులిపి మళ్ళీ కొత్తగా పలకాల్సి వచ్చింది.

ఇంక నా ఫిర్యాదు. ఈ రెండు పుస్తకాల్లోనూ నడకకు దక్కినంత చోటు బండ్లకు దక్కలేదు. 381 రోజులు జనం బస్సు ఎక్కలేదు. 1955 డిసెంబర్ 5 నుంచి మరుసటి ఏడు డిసెంబర్ 20 దాకా. అందరూ అన్ని రోజులూ నడిచారంటే పిల్లలు నమ్ముతారేమో, నేను నమ్మను. దూరం పనికి పోయే ముసలివాళ్ళున్నారు, రెండు చోట్ల పాచిపని చేసేవాళ్ళున్నారు. మా అబ్బాయిని ఫోన్‌లో వెతికి చదివి పెట్టమన్నాను. అప్పుడు అసలు కథ బయటపడింది.

మొదట నల్లజాతి టాక్సీ డ్రైవర్లు బస్సు ఛార్జీకే, అంటే 10 సెంట్లకే ఎక్కించుకున్నారు. టాక్సీ కనీస ఛార్జీ 45 సెంట్లు, అంతకంటే తక్కువ తీసుకుంటే నేరం అని అధికారులు పాత రూలు బయటికి తీశారు. అప్పుడు సొంత కార్లు ఉన్నవాళ్ళు బయటికి తెచ్చారు. దాదాపు 300 కార్లు. కొద్ది రోజుల్లోనే పొద్దున ఎక్కించుకోవడానికి 48 చోట్లు, సాయంత్రం తిరిగి తేవడానికి 42 చోట్లు ఖాయం చేసి కాగితం మీద వేసి పంచారు. తర్వాత చర్చిల పేరు మీద పెద్ద బండ్లు కొన్నారు. వాటి ఇన్సూరెన్సులు రద్దు చేయిస్తే లండన్ నుంచి ఇన్సూరెన్సు తెచ్చుకున్నారు. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ, ఇంకొందరు ఆడవాళ్ళు ఇళ్ళల్లో కేకులూ, అన్నాలూ వండి అమ్మి పెట్రోలుకు డబ్బులిచ్చారు. ఎవరిచ్చారంటే 'ఎక్కడి నుంచో వచ్చింది' అనేవాళ్ళు, పేరు తెలిస్తే ఉద్యోగం పోతుంది కాబట్టి.

ఇది చదివి నేను మంచం మీద లేచి కూర్చున్నాను. దీన్ని డిపో అంటారు. రూట్లు, స్టేజీలు, టైమింగులు, ఫస్ట్ ట్రిప్, లాస్ట్ ట్రిప్, బ్రేక్‌డౌన్ అయితే బదులు బండి. ఒక ఊరి జనం బస్సు కంపెనీకి పోటీగా తమ సొంత డిపో నడిపారు, ఏడాది పైన. దాని మీద ఒక్క రెండు పేజీల బొమ్మ పెద్దగా వేసి, పిల్లలు వేలు పెట్టి ఈ స్టాపు నుంచి ఆ స్టాపుకు దారి వెతుక్కునేలా పెడితే ఎంత బాగుండేది! నడిచే జనం కంట్లో నీళ్ళు తెప్పిస్తారు, నిజమే. పని ఎలా చేశారో చూపిస్తే పిల్లలకు చేతులు కూడా ఊరుకోవు.

అంకెలు మనవరాలికి నా పద్ధతిలో చెప్పాను. ఆ బస్సులెక్కేవాళ్ళలో నలుగురికి ముగ్గురు నల్లవాళ్ళే. మా 218 పటాన్‌చెరు నుంచి కోఠి వచ్చేటప్పుడు నలుగురిలో ముగ్గురు ఎక్కడం మానేశారనుకో, అమీర్‌పేటలో కూడా నిలబడే మనిషి ఉండడు. డిపోలో కలెక్షన్ కట్టేటప్పుడు క్యాషియర్ తల ఎత్తి చూస్తాడు. ఆ కంపెనీ కలెక్షన్ కూడా అలాగే పడిపోయింది, 10 సెంట్ల టికెట్టును 15 చేసింది, రూట్లు కోసేసింది. 2019లో మేము 52 రోజులు సమ్మెలో ఉన్నాం. 52 రోజులకే మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపించింది. అందుకని 381 అనే అంకె దగ్గర నేను కొంచెం సేపు ఆగుతాను.

ఇంకొక మనిషికి కూడా చోటు తక్కువ. క్లాడెట్ కాల్విన్. రోజా కంటే తొమ్మిది నెలల ముందే, మార్చి 2న, ఇలాగే లేవనని అరెస్టయింది. వయసు 15. చివరికి బస్సుల్లో ఈ సీట్ల గీత చెల్లదని సుప్రీంకోర్టు 1956 నవంబర్‌లో ఖాయం చేసిన కేసులో రోజా లేదు, ఈ అమ్మాయి ఉంది, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళతో పాటు. మా మనవరాలికి రోజా కంటే ఈ పిల్ల కథే ఎక్కువ నచ్చింది. "తాతా, ఆమె మా స్కూల్లో అయితే టెన్త్" అంది.

ఈ పుస్తకాలు చదువుతుండగా ఒకరోజు అది అడిగిన ప్రశ్న చెప్పకపోతే ఈ రివ్యూ అబద్ధం అవుతుంది. వాళ్ళ నానమ్మతో బస్సులో పోయి వచ్చింది. నానమ్మకు జీరో టికెట్. ముందు వైపు కిటికీ పైన ఉండే రాత చూసి వచ్చి అడిగింది: "స్త్రీలకు మాత్రమే అని బోర్డు ఉంది కదా. అది కూడా ఆ బోర్డులాంటిదేనా?"

కాదని వెంటనే చెప్పాను. అక్కడ బోర్డు పెట్టింది మనిషిని లేపడానికి, ఇక్కడ పెట్టింది కూర్చోబెట్టడానికి. అక్కడ బలమున్నవాడి కోసం, ఇక్కడ తోపులాటలో నలిగేవాళ్ళ కోసం. జవాబు బాగానే ఉంది. అది కూడా తల ఊపింది. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ నలభై రూపాయల పుస్తకంలో అన్నీ తప్పులే గాని ఒక బొమ్మ ఉంది. డ్రైవరు సీట్లోంచి లేచి వెనక్కి తిరిగి చూస్తుంటాడు. యూనిఫాం, టోపీ. ముఖంలో కోపం లేదు, టైము అయిపోతోందన్న చిరాకు ఉంది. ఆ చిరాకు నాకు తెలుసు. అది నా ముఖం.

సర్వీసులో చేరిన నాలుగైదేళ్ళకు, తెల్లవారుజామున ఫస్ట్ ట్రిప్. ఒకామె ఎక్కింది. రోడ్లు ఊడ్చే ఆమె, చేతిలో పొడుగు చీపురు, భుజానికి గోనె సంచీ. టికెట్ తీసుకుని ముందు వైపు లేడీస్ సీట్లో కూర్చుంది. రెండు స్టేజీలు దాటాక ఆ సీట్ల దగ్గర గొణుగుడు మొదలైంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒకామె నన్ను పిలిచింది, "కండక్టర్, ఏందిది" అంది. నేను ఏమీ ఆలోచించలేదు. చిల్లర లెక్క చూసుకుంటూనే, "అమ్మా, నువ్వు వెనక్కి పో, ఫుట్‌బోర్డు దగ్గర నిలబడు" అన్నాను. ఆమె లేచింది. చీపురు ఎవరికీ తగలకుండా నిలువుగా పట్టుకుని, మగవాళ్ళ మధ్య నుంచి వెనకదాకా పోయి నిలబడింది. కోఠి దాకా. టికెట్ నేనే ఇచ్చాను, సీటు నేనే ఖాళీ చేయించాను. ఆ సీటు పైన బోర్డు ఉంది. ఆమె కూడా స్త్రీయే.

మర్నాడు మనవరాలికి ఇది చెప్పాను. చెప్పాలా వద్దా అని మా ఇంటావిడను అడిగితే, "ఊళ్ళోవాళ్ళ తప్పులు పుస్తకం పెట్టి చదివిస్తున్నావు, నీది దాచుకుంటావా" అంది. పిల్ల మొత్తం విని, "ఆమె ఏమంది తాతా?" అంది. ఏమీ అనలేదు బిడ్డా అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే నువ్వు ఆ డ్రైవర్ పార్టీ అన్నమాట" అంది. కోపంగా కాదు, ఆటలో ఎవరు ఏ టీమో చెప్పినట్టు.

మూడో పుస్తకం 'భీమాయన'. నవయాన వాళ్ళు 2011లో వేశారు. అంబేడ్కర్ జీవితం. శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ రాశారు, దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు బొమ్మలు వేశారు. వాళ్ళు ప్రధాన్ గోండు చిత్రకారులు. మామూలు కామిక్ పుస్తకంలాగా డబ్బాలు డబ్బాలుగా గీతలు కొట్టి మనుషులను వాటిల్లో పెట్టలేదు. పేజీ అంతా ఒకే ముగ్గులాగా పారుతుంది. మొదటి పది పేజీలు ఎక్కడ మొదలుపెట్టి ఎటు చదవాలో నాకు తెలియలేదు. పిల్లకు వెంటనే తెలిసిపోయింది. మాటల బుడగలు చూడండి: మంచి మాటకు పక్షి ఆకారం, విషం కక్కే మాటకు తేలు కొండి. ఇది పట్టుకున్నాక అది చదవకముందే చెప్పేస్తోంది, "తాతా, తేలు వచ్చింది, ఇప్పుడు తిడతాడు" అని.

కథ మొదలయ్యేది బస్టాపులో. నిజంగా. ఇద్దరు ఈ కాలపు మనుషులు బస్సు కోసం నిలబడి రిజర్వేషన్ల మీద మాట్లాడుకుంటుంటే అందులోంచి అంబేడ్కర్ కథ వస్తుంది. నా బస్సులో ఆ వాదన వెయ్యిసార్లు విన్నాను, ఎప్పుడూ ఎవరో ఒకరి స్టాపు వచ్చి మధ్యలో ఆగిపోయేది. ఇక్కడ పూర్తయ్యేదాకా ఎవరూ బస్సెక్కరు.

నీళ్ళు, నీడ, ప్రయాణం అని మూడు భాగాలు. నీళ్ళ భాగం నాకు కొత్త కాదు. మా ఊరి హోటల్లో చూరుకు గుచ్చి ఉండే వేరే గ్లాసులు చూసి పెరిగినవాణ్ణే. ఎవరివి అని మేము అడిగేవాళ్ళం కాదు, తెలుసు కాబట్టి. నన్ను పట్టుకున్నది బండి కథలు. 1901లో చిన్న భీముడు అన్నతో, ఇంకొందరు పిల్లలతో మసూర్ స్టేషన్‌లో రైలు దిగుతాడు. నాన్నకు ఉత్తరం అందలేదు, ఎవరూ రాలేదు. వీళ్ళ కులం తెలిశాక ఎడ్లబండి వాళ్ళెవరూ ఎక్కించుకోరు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకుంటాడు, ఒక షరతు మీద: బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. రెట్టింపు ఛార్జీ కట్టించుకుని ప్యాసింజరు చేతనే బండి తోలించడం! మాంట్‌గోమరీ డ్రైవరుకు కూడా ఈ ఆలోచన రాలేదు.

ఇంకొకటి 1929 నాటిది. అప్పటికి ఆయన పెద్ద బారిస్టరు. చాలీస్‌గావ్‌లో టాంగా తోలేవాళ్ళెవరూ ఆయన్ని ఎక్కించుకోరు. టాంగా ఇస్తారు, తోలరు. అలవాటు లేని మనిషి తోలితే వంతెన మీద బండి పడిపోయి ఆయన కాలు విరిగింది. మనవరాలు అడిగింది, ఎవరిది తప్పు అని. తోలిన పాపం ఆ మనిషిది కాదని అదే అంది మళ్ళీ. 1934లో దౌలతాబాద్ కోట దగ్గర తొట్టిలో నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నందుకు జరిగిన గొడవ కూడా ఉంది. దౌలతాబాద్ అప్పట్లో మన నిజాం రాజ్యంలోదే. కాబట్టి ఇది ఎక్కడో జరిగిన కథ అనుకోవడానికి హైదరాబాద్ వాళ్ళకు వీల్లేదు.

వయసు విషయం. 'రోజా' ఏడేళ్ళ పిల్లలకైనా పక్కన కూర్చుని చదివి పెట్టవచ్చు. 'భీమాయన' పదేళ్ళ లోపు పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వకండి. ఈ మధ్య కాలపు దాడుల వార్తలు కూడా లోపల ఉన్నాయి, దళిత కుటుంబాన్ని చంపేసిన మహారాష్ట్ర ఊరు ఖైర్లాంజి ఉంది. ఆ పేజీలు నేను తిప్పేశాను. "నువ్వు రెండు పేజీలు ఒకేసారి తిప్పావు" అని పట్టుకుంది. పెద్దయ్యాక చదువుదువు అన్నాను. పుస్తకం ఇప్పుడు బీరువా పైన ఉంది, అది ఎక్కడుందో దానికి తెలుసు.

ఇంకొక కోరిక. చాదర్‌ఘాట్ మీదుగా ఎన్ని వేల ట్రిప్పులు తిరిగానో లెక్కలేదు. అక్కడి ఆది హిందూ భవన్ ముందు స్టూడెంట్లు ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి, ఈ ఊళ్ళోనే దళిత పిల్లలకు బళ్ళు తెరిచిన భాగ్యరెడ్డి వర్మ కథ ఇలాంటి పెద్ద సైజు బొమ్మల పుస్తకంగా, తెలుగులో, మంచి కాగితం మీద వస్తే అబిడ్స్ గుట్టల్లో బేరమాడకుండా పూర్తి ధర పెట్టి కొంటాను. అమెరికా ఆమె కథకు పసుపు రంగు ఎంచుకున్నట్టు, ఈయన కథకు ఏ రంగు ఎంచుకుంటారో చూడాలని ఉంది.

ఆ రోజా ఎక్కిన బస్సు ఇప్పటికీ ఉంది. నంబరు 2857. 1948లో జనరల్ మోటార్స్ చేసిన 36 సీట్ల బండి. సర్వీసులోంచి తీసేశాక ఒకాయన కొనుక్కుని పొలంలో పెట్టుకుని పనిముట్లు, కర్రలు దాచుకున్నాడు. 2001లో మిషిగన్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం దాన్ని వేలంలో 4,92,000 డాలర్లకు కొని బాగు చేయించింది. ఇప్పుడు ఎవరైనా ఎక్కి ఆ సీట్లో కూర్చోవచ్చట. మా అబ్బాయి ఫోన్‌లో ఫోటో చూపించాడు. సీట్లు దగ్గరదగ్గరగా, నడిచే దారి ఇరుకుగా ఉంది. అంత ఇరుకులో నలుగురిని లేపి ఒకర్ని కూర్చోబెట్టడమంటే ఎంత తోపులాటో నేను ఊహించగలను.

అబిడ్స్ అబ్బాయి సంగతి చెప్పి ఆపుతాను. బేరం న్యాయంగానే ఆడతాడు, చిరిగిన పేజీ ఉంటే తనే చూపిస్తాడు. పొద్దున తొమ్మిదిన్నర, పదికల్లా వెళ్ళాలి, తర్వాత ఎండా, కాలేజీ పిల్లలూ ఎక్కువ. బస్సు కథలుంటే పక్కన పెట్టమని, ముఖ్యంగా ఆ పదిహేనేళ్ళ అమ్మాయిది దొరికితే వదలొద్దని చెప్పి వచ్చాను. "రఖ్ దూంగా చాచా" అన్నాడు. ఏం అర్థమైందో గాని, పోయిన ఆదివారం అట్ట మీద బస్సు బొమ్మ ఉన్న పుస్తకాలన్నీ ఒక కట్ట కట్టి పెట్టాడు. అన్నీ చిన్నపిల్లల పాటల పుస్తకాలు. ఒకదాంట్లో ఏనుగు, కుందేలు, జిరాఫీ బస్సెక్కి పోతున్నాయి. అబ్బాయి మనసు నొప్పించడం ఇష్టం లేక ముప్పై రూపాయలిచ్చి ఆ ఒక్కటీ తీసుకున్నాను. తిరుగు బస్సులో మనవరాలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ముందు సీట్లో ఎవరున్నారు, వెనక ఎవరున్నారు అని వేలు పెట్టి లెక్క చూస్తూ కూర్చుంది.